పాత డీజిల్ బండిలో బ్రేకు పెడల్ బిగుసుకుంటే: బూస్టర్ మార్చే ముందు గేజి పెట్టి చూడండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, కొత్తగా చదివేవారికీ సంగతి తెలియాలి కదా. మీది 1998 మోడల్ టాటా 407 చిన్న లారీ. అరకు వైపు నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా కూరగాయలు దింపుతారు. ఘాట్ మొదట్లో బ్రేకు బాగానే పడుతుంది. వరసగా రెండు మూడు మలుపుల్లో తొక్కాక పెడల్ బిగుసుకుపోతుంది, బలమంతా పెట్టినా బండి సరిగా ఆగదు. కిందికి వచ్చి శృంగవరపుకోట చేరేసరికి మళ్లీ మామూలే. ఒక మెకానిక్, కాలి తోపుకు వాక్యూమ్‌తో సాయం ఇచ్చే బూస్టర్ పోయిందని కొత్తది వేశారు, తేడా రాలేదు. ఇంకొకరు ఇంజను లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం నుంచి పొగ కొట్టడం చూసి, ఇంజను బోరుకు వచ్చింది (సిలిండర్లు అరిగాయి), ముందు అది చేయించమన్నారు. బ్రేకు ఆయిల్ తగ్గడం లేదు. వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంది. ఇప్పుడు ఏం మార్చాలని మీరు అడుగుతున్నారు.

ప్రస్తుతానికి ఏమీ మార్చకండి. వాక్యూమ్ బ్రేకుల్లో కొలవకుండా సామాను మార్చడం మొదలుపెడితే, చివరికి అన్నీ కొత్తవే ఉన్న బండిలో అదే పాత జబ్బు మిగులుతుంది. మీ బండి ఇప్పటికే ఆ దారిలో ఒక అడుగు వేసింది. ఇంకో సంగతి, ఆ బ్రీదర్ పొగ, ఈ పెడల్ బిగుసుకోవడం రెండూ ఒకే లోపానికి రెండు లక్షణాలు అయ్యే అవకాశం చాలా ఉంది. బోరు పని చేయించే ముందు అది తేల్చుకోవాలి. తేల్చడానికి కావలసింది ఒక వాక్యూమ్ గేజి, ఒక టీ జాయింటు, గంట సమయం.

ముందు గాలి ఎటు నుంచి ఎటు పోతుందో చూద్దాం. పెట్రోలు ఇంజనులో గాలి లోపలికి వెళ్లే దారిలో త్రాటిల్ పలక ఉంటుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే అది మూసుకుంటుంది, దాని వెనక ఇంజనుకు గాలి పంచే గొట్టంలో (మానిఫోల్డ్‌లో) వాక్యూమ్ దానంతట అదే పుడుతుంది. బ్రేకు బూస్టర్‌కు అది చాలు. మీ డీజిల్ ఇంజనులో ఆ పలక లేదు, గాలి ఎప్పుడూ అడ్డు లేకుండా పోతుంది, వేగాన్ని డీజిల్ పరిమాణమే నియంత్రిస్తుంది. కాబట్టి వాక్యూమ్‌ను వేరే పంపుతో తయారు చేసుకోవాలి. ఆల్టర్నేటర్ ఇరుసు వెనక కొసకు ఒక రోటర్, దాని గాడుల్లో జారే రెక్కలు, చుట్టూ గుండ్రటి గది. ఇంజను నుంచి సన్నని గొట్టం ద్వారా ఆయిల్ ఈ గదిలోకి వస్తుంది. రెక్కలు అరగకుండా చూడటం ఒక్కటే దాని పని కాదు, రెక్కల అంచుల దగ్గర సందులు మూసి గాలి వెనక్కి జారకుండా ఆపేదీ ఆ ఆయిలే. పని అయ్యాక, బూస్టర్ వైపు నుంచి పీల్చిన గాలి, వాడిన ఆయిల్ రెండూ కలిసి లావు గొట్టం గుండా ఇంజను ఆయిల్ చాంబర్‌లోకి పడతాయి. ఈ చివరి వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి, మీ బ్రీదర్ సంగతి దాని మీదే ఆధారపడి ఉంది.

బూస్టర్ లోపల పెద్ద రబ్బరు డయాఫ్రం ఉంటుంది. బ్రేకు తొక్కనప్పుడు దానికి రెండు వైపులా వాక్యూమే. తొక్కగానే పెడల్ కడ్డీ దగ్గరి వాల్వు తెరుచుకుని వెనక గదిలోకి బయటి గాలి వస్తుంది, ఆ గాలి పీడనమే డయాఫ్రాన్ని ముందుకు తోస్తుంది. ఆ తోపు ఎంతో ఒకసారి లెక్కేస్తే, వాక్యూమ్ తగ్గినప్పుడు కాలికి అంత భారం ఎందుకో తెలుస్తుంది. 10 అంగుళాల వ్యాసం ఉన్న డయాఫ్రం మీద 600 మిల్లీమీటర్ల (పాదరసం కొలతలో) వాక్యూమ్ ఉంటే తోపు సుమారు 400 కిలోలు. వాక్యూమ్ 300కు పడిపోతే సాయం 200 కిలోలే. మిగతా 200 మీ కాలు ఇవ్వాలి. పెడల్ మీటలాగా పనిచేస్తుంది కాబట్టి మొత్తం బరువు కాలి మీద పడదు గాని, లోడు బండిని ఘాట్‌లో ఆపడానికి కాలి బలం చాలదు.

చాలామంది డ్రైవర్లు పొరబడే విషయం ఒకటుంది. రైళ్లలో పాత వాక్యూమ్ బ్రేకు పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ గొట్టంలో వాక్యూమ్ పోతే బ్రేకు పడుతుంది. పెద్ద లారీల ఎయిర్ బ్రేకుల్లో స్ప్రింగు బ్రేకు ఉన్నచోట గాలి పోతే చక్రం బిగుసుకుంటుంది. మీ బండిలో అటువంటి రక్ష ఏదీ లేదు. వాక్యూమ్ పోతే బండి తనంతట తాను ఆగదు, కాలికి సాయం పోతుంది, అంతే. పాత బండ్లలో చాలావాటికి హెచ్చరిక దీపం కూడా ఉండదు. అందుకే ఇది తేలేదాకా లోడుతో ఘాట్ దిగకండి. పెద్దగా బేరం పోయే రోజులైనా సరే.

ఇప్పుడు పెడల్ ఏం చెబుతోందో చూడాలి. వాక్యూమ్ తక్కువైతే పెడల్ ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. మెత్తగా, స్పాంజిలా దిగితే లైనులో గాలి ఉన్నట్టు. కాలు అలాగే ఉంచితే మెల్లగా నేల వైపు జారిపోతే పెడల్ తోపును ఆయిల్ పీడనంగా మార్చే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పులు దాటి ఆయిల్ వెనక్కి పోతున్నట్టు. మొదటి తొక్కుకు బాగా కిందికి పోయి, రెండో మూడో తొక్కుకు పైకి వస్తే చక్రంలోని బ్రేకు షూలకు, అవి ఒత్తుకునే డ్రమ్ములకు మధ్య సందు ఎక్కువైనట్టు. ఈ మూడింటిలో ఏదైనా ఉంటే బూస్టర్ జోలికి వెళ్లడం వృథా. మీరు చెప్పింది గట్టి పెడల్. అంటే రెండే దారులు. ఒకటి వాక్యూమ్ చాలడం లేదు. రెండు, సాయం అందుతున్నా షూల మీది లైనింగులు పట్టడం లేదు, అంటే వేడెక్కి పట్టు పోయింది, లేదా మెరుగెక్కి జారుతున్నాయి, లేదా వాటి మీద గ్రీజో హబ్ ఆయిలో పడింది.

మీ విషయంలో ఈ రెండో దారిని తేలిగ్గా తీసేయలేం. ఘాట్‌లో మొదట బాగుండి తర్వాత పోవడం, కిందికి వచ్చాక బాగవడం అనేది వేడెక్కిన బ్రేకుకూ సరిపోతుంది, చాలని వాక్యూమ్‌కూ సరిపోతుంది. రెండింటినీ విడదీసేది కోలుకోవడానికి పట్టే సమయం. ఖాళీ బండితో, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, చక్రానికి వేయడానికి చెక్క దిమ్మ దగ్గర ఉంచుకుని మాత్రమే ఈ పరీక్ష చేయండి. పెడల్ బిగుసుకోగానే చదునైన చోట ఆపి, దిమ్మ వేసి, ఇంజనును కొంచెం రేజ్ చేసి ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. తర్వాత పెడల్ తొక్కి చూడండి. మళ్లీ సులువుగా దిగితే అది వాక్యూమ్ కథ. వాక్యూమ్ నిల్వ ఉంచే ట్యాంకు (బండికి ఉంటే), బూస్టర్ మళ్లీ వాక్యూమ్‌తో నిండాయి గనుక సాయం తిరిగి వచ్చింది. అదే వేడి అయితే రెండు నిమిషాల్లో డ్రమ్ములు చల్లారవు, అరగంట పడుతుంది, పైగా కాలిన లైనింగు వాసన దాచినా దాగదు. చక్రాల దగ్గర చెయ్యి కొంచెం దూరంగా పెట్టి చూడండి, డ్రమ్మును ముట్టుకోకండి. నాలుగింటిలో ఒకటే మండిపోతుంటే అది పట్టేసిన వీల్ సిలిండరో, తిరిగి రాని షూనో. వేడికి ఇంకో రూపం కూడా ఉంది. పాతబడి నీరు పీల్చుకున్న బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరయితే పెడల్ గట్టిపడదు, ఒక్కసారిగా నేలకు దిగుతుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు చేరాక ప్రమాణం 140కి పడిపోతుంది. మీరు ఆ లక్షణం చెప్పలేదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నా. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మాత్రం ఎలాగూ మార్చండి.

ఇంకొకటి అడగాలి. దిగేటప్పుడు న్యూట్రల్‌లో దిగుతున్నారా? డీజిల్ కలిసొస్తుందని చాలామంది చేసే పని ఇది. న్యూట్రల్‌లో ఇంజను ఐడిల్ మీద ఉంటుంది, ఆల్టర్నేటర్ మెల్లగా తిరుగుతుంది, పంపు కూడా అంతే మెల్లగా పీలుస్తుంది. అటు ఇంజను బండిని పట్టి ఉంచదు కాబట్టి బ్రేకు ఎక్కువ సార్లు తొక్కాలి. రాబడి తగ్గించి ఖర్చు పెంచినట్టు. ఇంజను ఆపేసి దిగేవారి గురించి చెప్పేదేముంది, రెండు మూడు తొక్కులయ్యాక వారికి బూస్టర్ లేనట్టే. గేరులో దిగుతూ, ఇంజను బాగా తిరుగుతూ ఉండగా కూడా పెడల్ బిగుసుకుంటే మీ లీకో పంపు అరుగుదలో చిన్నది కాదు.

గేజి దొరికేలోపు పనిముట్లు లేకుండా చేయగలిగే మూడు పరీక్షలున్నాయి. ఇంజను ఆపి, పెడల్ నాలుగైదు సార్లు తొక్కి ఉన్న వాక్యూమ్ ఖాళీ చేయండి. ట్యాంకు ఉంటే ఇంకొన్ని సార్లు. కాలు పెడల్ మీద నొక్కి ఉంచి ఇంజను స్టార్టు చేయండి. కాలు కింద పెడల్ కొంచెం దిగాలి. స్టార్టు చేసిన కొన్ని క్షణాల్లోనే దిగితే పంపు, హోసు, బూస్టర్ కనీసం పనిచేస్తున్నట్టు. చాలాసేపటికి దిగితే పంపు నెమ్మదించింది. అసలు దిగకపోతే వాక్యూమ్ బూస్టర్ దాకా రావడం లేదు, లేదా బూస్టరే పోయింది. రెండోది, ఇంజనును రెండు నిమిషాలు నడిపి ఆపండి, అయిదు నిమిషాలు ఆగండి, తర్వాత తొక్కండి. మొదటి రెండు మూడు తొక్కులు సులువుగా ఉండి ఒక్కో తొక్కుకూ పెడల్ గట్టిపడుతూ రావాలి. మొదటి తొక్కుకే గట్టిగా ఉంటే, ఆ అయిదు నిమిషాల్లో వాక్యూమ్ ఎక్కడో కారిపోయింది. మూడోది, ఇంజను నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టుకుని ఇంజను ఆపండి, అర నిమిషం అలాగే పట్టుకోండి. పెడల్ కాలిని పైకి తోస్తే బూస్టర్ లోపల డయాఫ్రమో వాల్వో కారుతున్నట్టు.

ఈ మూడూ దారి చూపుతాయి గాని తీర్పు చెప్పవు. తీర్పు గేజిది. ప్రత్యేకంగా వెతకనక్కర్లేదు, ఏసీ, ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర సున్నాకు దిగువన వాక్యూమ్ కూడా చూపే గేజి ఉంటుంది. అందులో అంగుళాల కొలత ఉంటుంది, 30 అంగుళాలంటే దాదాపు 760 మిల్లీమీటర్లు. అయితే అంకె చదివే ముందు మీరు ఎంత ఎత్తులో ఉన్నారో చూసుకోండి. ఎంత మంచి పంపు అయినా ఆ చోట ఉన్న గాలి పీడనం కంటే ఎక్కువ పీల్చలేదు. విశాఖ సముద్ర మట్టంలో ఉంది, గాలి పీడనం 760 చుట్టూ ఉంటుంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తు, అక్కడ 710 ప్రాంతం. అరకు లోయ 900 మీటర్ల పైన, అక్కడ 680 ప్రాంతం. అంటే విశాఖలో 680 చూపించిన పంపే అరకులో 610 మాత్రమే చూపిస్తుంది, అందులో దాని తప్పేమీ లేదు. పైన ఉన్న ఊరిలో గేజి చూసి పంపు పోయిందని తీర్పు ఇచ్చేవారిని చూశాను. మీ బండికి ఘాట్ పైభాగంలో సాయం కొంత తక్కువగానే ఉంటుంది. ఆ కొరత మీద లీకు కూడా తోడైతే మీరు చెప్పిన పరిస్థితే వస్తుంది.

గేజిని మొదట నేరుగా పంపు మూతికే పెట్టండి. అక్కడి నుంచి బూస్టర్‌కు వెళ్లే హోసు ఊడదీసి, చిన్న ముక్క హోసుతో గేజి బిగించి, ఇంజను ఐడిల్‌లో ఉంచండి. మీ బండి మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ప్రమాణం. లేకపోతే నా లెక్క ఇది. సముద్ర మట్టం దగ్గర, ఇంజను వేడెక్కాక, 620 దాటి స్థిరంగా నిలిస్తే పంపు మంచిదే. 500 కూడా అందకపోతే పంపు చూడాలి. ముల్లు ఆడుతూ ఉంటే బెల్టు జారుతోందేమో, రెక్క గాడిలో పట్టేసిందేమో అనుమానించండి. ఐడిల్‌లో తక్కువ, రేజ్ చేస్తే బాగా పెరగడం అనేది అరిగిన పంపు లక్షణం.

పంపు దగ్గర అంకె బాగుంటే హోసు తిరిగి పెట్టి, గేజిని టీ జాయింటుతో బూస్టర్ ముందు, గాలిని ఒక వైపే పోనిచ్చే వాల్వు ఎన్‌ఆర్‌వీకి బూస్టర్ వైపున పెట్టండి. ఆ చోటు ముఖ్యం. వాల్వుకు పంపు వైపున పెడితే ఇంజను ఆపగానే ముల్లు పడిపోవచ్చు, దాన్ని చూసి బెంబేలెత్తుతారు. ఇప్పుడు మూడు అంకెలు రాసుకోండి. వాక్యూమ్ పూర్తిగా ఖాళీ చేసి స్టార్టు చేస్తే 500కు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టింది, చివరికి ఎంత దగ్గర ఆగింది, ఇంజను ఆపాక ఒక నిమిషంలో ఎంత పడింది. విడి ట్యాంకు లేని బండిలో అర నిమిషం లోపు 500 దాటాలని నేను చూస్తాను, ట్యాంకు ఉంటే నిమిషం. ఆపాక నిమిషంలో 25 మిల్లీమీటర్లకు మించి పడితే లీకు వెతకాల్సిందే. తర్వాత ఇదే పరీక్ష ఇంకొకరు పెడల్ తొక్కి పట్టుకుని ఉండగా చేయండి. తొక్కినప్పుడు ఒక్కసారి కొంత పడటం మామూలే, గాలి లోపలికి వచ్చింది కదా. పడి ఆగాలి. పడుతూనే పోతే బూస్టర్ వాల్వు లేదా డయాఫ్రం. తొక్కనప్పుడు కారి, బూస్టర్ హోసు మూసేస్తే నిలిస్తే కూడా బూస్టరే. బూస్టర్ మూసినా పడుతూ ఉంటే లోపం హోసుల్లో, ట్యాంకులో, జాయింట్లలో ఉంది.

ఇక బ్రీదర్. పంపు పీల్చినదంతా ఆయిల్ చాంబర్‌లోకి పోతుందని పైన చెప్పాను. లీకు లేని వ్యవస్థలో వాక్యూమ్ నిండాక పంపుకు పీల్చడానికి ఏమీ మిగలదు, చాంబర్‌లోకి పోయే గాలి నామమాత్రం. ఎక్కడో పెద్ద లీకు ఉంటే పంపు రోజంతా బయటి గాలిని లాగి చాంబర్‌లోకి పోస్తూ ఉంటుంది. ఆ గాలి బయటికి వచ్చే దారి బ్రీదరే, వస్తూ వస్తూ ఆయిల్ ఆవిరిని మోసుకొస్తుంది. చూసినవారికి అచ్చం పిస్టన్ రింగులు పోయిన ఇంజనులా కనిపిస్తుంది. తేల్చుకోవడం చాలా సులువు. ఇంజను ఐడిల్‌లో ఉండగా బ్రీదర్ మూతి దగ్గర వచ్చే గాలిని చేత్తో గమనించండి, తర్వాత ఇంజను ఆపి, పంపు పీల్చే మూతికి గట్టి రబ్బరు బిరడా బిగించి మళ్లీ స్టార్టు చేయండి. బ్రీదర్ గాలి బాగా తగ్గితే మీ ఇంజనుకు బోరు పని అవసరం లేదు, లీకు మూస్తే చాలు. ఏమాత్రం తేడా లేకపోతే రెండో మెకానిక్ మాటలో నిజముంది, అప్పుడు కంప్రెషన్ చూపించుకోండి. బిరడా పెట్టిన స్థితిలో బండి రోడ్డు మీదికి తీయకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

లీకు ఎక్కడుందో వెతకడంలో మనవాళ్లు సబ్బు నురగ వాడతారు. పీడనం ఉన్న గొట్టానికి అది పనికొస్తుంది, ఇక్కడ నురగ బుడగ కట్టదు, లోపలికి పోతుంది. పెట్రోలు కార్లకు చేసినట్టు కార్బురేటర్ క్లీనర్ కొట్టి ఇంజను శబ్దం మారుతుందేమో చూసే పని అసలే వద్దు. డీజిల్ బండిలో ఈ గాలి మానిఫోల్డ్‌లోకి పోదు, వేగం మారదు, మండే ఆవిరి మాత్రం నేరుగా వేడి ఆయిల్ చాంబర్‌లో చేరుతుంది. ఇంజను ఆపి, చుట్టూ డీజిల్ తడి లేదని చూసుకుని, వాక్యూమ్ నిండి ఉన్నప్పుడు అగరువత్తి వెలిగించి ప్రతి జాయింటు దగ్గరికీ తీసుకెళ్లండి. పొగ ఎక్కడ లోపలికి వంగితే అక్కడే. చెవి బాగుంటే సన్నని హోసు ముక్క ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొస జాయింట్ల వెంట తిప్పినా ఈల వినపడుతుంది.

పాత బండ్లలో లీకు దొరికే చోట్లు దాదాపు ఎప్పుడూ అవే. హోసు క్లిప్పుల కింద ఎండి పగిలిన కొసలు. ఛాసిస్‌కు రాసుకుని అరిగిన ఇనుప పైపు. ట్యాంకు అడుగున తుప్పు చిల్లులు, పై నుంచి చూస్తే రంగు చక్కగా ఉంటుంది, కింద చెయ్యి పెట్టి తడిమితేనే తెలుస్తుంది. బూస్టర్ మూతికి ఉన్న రబ్బరు గ్రొమెట్. ట్యాంకు నుంచి ఎగ్జాస్ట్ బ్రేకుకో మరొకదానికో విడిగా పైపు వెళ్తుంటే దాన్నీ మూసి చూడండి. లీకు కాని లోపం ఒకటి ఇక్కడే ఉంది, దాన్ని చాలామంది పట్టుకోలేరు. వాక్యూమ్ హోసు లోపలి పొర ఊడి, లాగినప్పుడు ముడుచుకుని దారి మూసేస్తుంది. ఆగి ఉన్నప్పుడు గేజి నిండుగా చూపిస్తుంది, వరసగా తొక్కితే తిరిగి నిండటం ఆలస్యమవుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి ఇంజను వేడికి మెత్తబడ్డాక మూసుకోవడం దీని తీరు. రేడియేటర్ హోసో డీజిల్ హోసో కోసి పెట్టిన బండ్లలో ఇది తప్పదు. వాక్యూమ్ కోసం చేసిన మందపాటి హోసే వేయాలి.

ఎన్‌ఆర్‌వీని చేతిలోకి తీసుకుని నోటితో ఊదితే ఒక వైపే గాలి పోవాలి, బూస్టర్ వైపు నుంచి పంపు వైపుకు. రెండు వైపులా పోతే పనికిరాదు. దాని ధర చిన్నది, నష్టం పెద్దది. ఇంజను ఆపినప్పుడల్లా అది కారుతుంటే, బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ పంపులోని ఇంజను ఆయిల్‌ను వెనక్కి లాగుతుంది. ఆ ఆయిల్ డయాఫ్రం రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. మీ పాత బూస్టర్ ఇంకా షాపులో ఉంటే హోసు మూతిలో వేలు పెట్టి చూడండి. నల్లటి ఇంజను ఆయిల్ తగిలితే, కొత్త బూస్టర్‌కు కూడా అదే గతి పట్టకముందే వాల్వు మార్చండి. బ్రేకు ఆయిల్ తగిలితే అది వేరే కథ, మాస్టర్ సిలిండర్ వెనక సీలు కారి బూస్టర్‌లోకి పోయినట్టు. బయట ఎక్కడా చుక్క కనబడకుండా బ్రేకు ఆయిల్ తగ్గిపోయే బండ్లలో చూడాల్సింది ఇదే. ఆ ఆయిల్ పంపు గుండా ఇంజను ఆయిల్‌లో కూడా కలుస్తుంది. మీది తగ్గడం లేదన్నారు, మంచిదే.

పంపు దగ్గరే అంకె తక్కువ వస్తే వెంటనే పంపు విప్పకండి, ముందు బెల్టు చూడండి. ఆల్టర్నేటర్ బెల్టే పంపునూ తిప్పుతుంది కాబట్టి చార్జింగ్ దీపం సన్నగా వెలగడం, పెడల్ బిగుసుకోవడం కలిసి వస్తే బెల్టు జారుతున్నట్టే. పుల్లీ గాడి అడుగు మెరుస్తుంటే బెల్టు అరిగి అడుగుకు దిగిపోయింది, ఎంత బిగించినా జారుతుంది. ఎప్పుడైనా ఆల్టర్నేటర్ మార్చి ఉంటే పుల్లీ సైజు కూడా చూడండి, పెద్ద పుల్లీ వేస్తే పంపు నెమ్మదిస్తుంది. తర్వాత ఆయిల్ వచ్చే సన్నని గొట్టం. ఇంజను ఆపి, పంపు దగ్గర దాని కొస విప్పి, డబ్బాలోకి పెట్టి స్టార్టర్‌తో తిప్పితే ఆయిల్ రావాలి. మడ్డి పట్టి మూసుకుపోతే రెక్కలు పొడిగా తిరిగి అరుగుతాయి. తిరిగి చాంబర్‌కు పోయే లావు గొట్టం నలిగినా, మెలి తిరిగినా ఆయిల్ పంపులో నిలిచి, సీలు దాటి ఆల్టర్నేటర్‌లోకి దిగుతుంది, బ్రష్షులు తడిసి చార్జింగ్ పోతుంది. సెల్ఫ్ డైనమో షాపులో ఆల్టర్నేటర్ బాగుచేయించుకుని వచ్చి నెలకోసారి మళ్లీ అక్కడికే వెళ్లేవారు ఈ గొట్టాన్ని చూసుకోవాలి.

పంపు విప్పాల్సే వస్తే రెక్కల గుండ్రటి అంచు బయటికి, గది గోడ వైపు ఉండేలా బిగించాలి. తిరగేసి పెడితే గోడ గీసుకుపోతుంది. గోడ మీద వేలి గోటికి తగిలే గాట్లు ఉంటే రెక్కలు మాత్రమే మార్చి లాభం లేదు. బిగించే ముందు లోపల కొంచెం ఇంజను ఆయిల్ పోయండి, మొదటి తిరుగుళ్లు పొడిగా పోకూడదు.

కొత్త బూస్టర్ వేశారు కాబట్టి ఇంకొకటి చూసుకోండి. బూస్టర్ కడ్డీకి, మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కు మధ్య మాన్యువల్ చెప్పిన సన్నని సందు ఉండాలి. కడ్డీ పొడుగైతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, బ్రేకు కొంచెం పట్టే ఉంటుంది, ఘాట్ దిగకముందే డ్రమ్ములు వేడెక్కుతాయి. అప్పుడు వాక్యూమ్ లోపం, వేడి లోపం రెండూ కలిసి మీ కథ ఇంకా గందరగోళమవుతుంది. పట్టేసినట్టు అనిపించినప్పుడు జాకీ మీద చక్రం తిప్పి చూడండి. తిరగకపోతే మాస్టర్ సిలిండర్ నట్లు రెండు మూడు చుట్లు వదులు చేయండి. చక్రం వదిలితే కడ్డీ పొడుగు. వదలకపోతే చక్రం దగ్గర ఆయిల్ వదిలే చిన్న మర, బ్లీడర్ నిపుల్ విప్పండి, ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే పీడనం లైనులో చిక్కుకుంది. అప్పటికీ వదలకపోతే లోపం ఆ చక్రంలోనే ఉంది. పెడల్ వైపు బూస్టర్ కడ్డీ చుట్టూ ఉండే గాలి ఫిల్టర్ కూడా మట్టితో మూసుకుపోతే సాయం ఆలస్యంగా అందుతుంది. కొత్తదానిలో ఆ సమస్య ఉండదు, పాతది బాగుచేయించి వేసి ఉంటే చూడండి.

మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి నన్ను ఒక్కదాని మీద చెయ్యి పెట్టమంటే, ముందుగా ట్యాంకు అడుగు, దాని హోసుల మీద పెడతాను. పంపు ఆ తర్వాత. అయితే గేజి నా అంచనాను కాదంటే గేజినే నమ్మండి. పంపు మూతి దగ్గర ఐడిల్‌లో వచ్చిన అంకె, బూస్టర్ దగ్గర ఒక నిమిషంలో పడిన అంకె, పంపు మూతికి బిరడా పెట్టినప్పుడు బ్రీదర్ గాలి తగ్గిందా లేదా అన్నది, ఏ ఊరిలో కొలిచారో దానితో కలిపి ఇక్కడే రాయండి. ఏ సామాను విప్పాలో అప్పుడు చెబుతాను.